చింతగింజల ఆటకు పుస్తకం వేసిన తీరు

నల్లగొండ గడియారం సెంటర్ల ఏ దుకాణానికి పోయి ఇరవై ముఖాల పాచిక అడిగినా లూడో డబ్బా తీసి చేతుల పెడ్తరు. ఒకరు కథ నడిపిస్తుంటె మిగిలినోళ్లు తలా ఒక పాత్రై ఆడే రోల్‌ప్లేయింగ్ గేమ్‌కు తెలుగుల పుస్తకం రాద్దామని కూసున్నప్పుడు ఈ సంగతి నాకు తట్టలె. నలభై పేజీలు రాసినంక మా చెల్లె బిడ్డ చదివి, "పెద్దమ్మా, గీ పాచిక యాడ అమ్ముతరు?" అన్నది. హైదరాబాదు నుంచి తెప్పియ్యాలె అన్న. అది పుస్తకం మూసి లేచి పోయింది.

గందుకే ప్రెస్సు సంగతి తర్వాత, ముందు కొనేటోళ్ల ఇంట్ల ఏముంటదో చూడుండ్రి. మా దిక్కు ప్రతి ఇంట్ల చింతగింజలుంటయి. నాలుగు గింజల్ని ఒకదిక్కు తెల్లగ అయ్యేదాక బండ మీద అరగదీస్తె అష్టాచెమ్మకు సరిపోతయి, నా ఆటకూ అవే. లెక్క ప్రకారం పదహారు పందాలల్ల రెండు తెల్లగ పడేది ఆరుసార్లు, ఒకటి పడేది నాలుగుసార్లు, మూడు పడేది నాలుగుసార్లు. నాలుగూ తెల్లగ పడితే చెమ్మ, నాలుగూ నల్లగ పడితే అష్ట, ఇవి ఒక్కొక్కసారే. కాని అరగదీసిన గింజ లెక్క వింటదా? ఒక మాపటిజాము కూసొని 160 పందాలు వేసి నోట్‌బుక్కుల గీతలు గీసుకున్న. అష్ట పదిసార్లు రావాల్సింది, 17 సార్లొచ్చింది. అష్ట పడితే పాత్ర చచ్చిపోతదని రాసిన ముక్కను ఆ రాత్రే కొట్టేసి, "సంచిల ఉన్న వస్తువొకటి పోతది" అని మార్చిన. మీరు ఏది వాడినా, గవ్వలైనా సరే, వంద పందాలు వెయ్యంది ఏ పందానికి ఏమైతదో చెప్పే పట్టికలు రాయకుండ్రి.

కథకు పానగల్లు ఛాయా సోమేశ్వరుని గుడిని తీసుకున్న. లింగం మీద పొద్దంతా స్తంభం నీడ కదలకుంట నిలబడ్తది కద, నా ఆటల ఒకనాడు ఆ నీడ మాయమైతది, ఎటు పోయిందో ఆడేటోళ్లు పట్టుకోవాలె. చూసిన జాగ అయితే వర్ణనకు పేజీలు ఖర్చు కావు. పాలమూరోళ్లయితే పిల్లలమర్రి ఉండనే ఉన్నది.

రూల్స్ సొంతంగ కట్టే ఓపిక లేకుంటె ఉన్నవాటి మీద కట్టొచ్చు. ఈ తీరు ఆటలల్ల పేరుపొందిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ మూల నియమాలు, ఎస్‌ఆర్‌డీ 5.1 అంటరు, 2023 జనవరిల క్రియేటివ్ కామన్స్ బై 4.0 లైసెన్స్ కింద విడుదలైనయి. తెలుగు చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. యాడికెల్లి తీసుకున్నరో, మార్చిన సంగతీ పుస్తకంల రాయాలె. ఆ ఆట లోగోను అట్ట మీదికి ఎక్కిచ్చే హక్కు మాత్రం దాంట్ల రాదు. 1974ల ఆ ఆట మొదటిసారి అచ్చయినప్పుడు వేసింది వెయ్యి ప్రతులే, అవి కూడ ఇంట్ల కూసొని చేతులతోని డబ్బాలల్ల సర్దినవే. మనకు వంద చాలు.

పేజీలు 32 దాటనియ్యకుండ్రి. ఏ4 కాయితం నడిమికి మడిస్తె నాలుగు పేజీలైతయి, ఎనిమిది కాయితాలకు 32, నడుమ రెండు పిన్నులు. పేజీల లెక్క నాలుగుతోని తెగాలె. రెండు పేజీలు మిగిలితే పాత్రల పట్టిక పెట్టుండ్రి, జిరాక్స్ తీసుకుంటరు.

అచ్చుకు ముందు ఒక పని తప్పకుంట చెయ్యాలె. ఆట తెల్వని నలుగురికి పుస్తకం ఇచ్చి మీరు మూలకు కూసోవాలె, నోరు మెదపొద్దు. నేను చెల్లె వాళ్లింట్ల, దేవరకొండల, కూసున్న. ఆరో పేజీల "గింజలు ఎక్కువ పడితే గెలుపు" అని రాసిన. పిల్లలు గింజలు వేసిండ్రు, రెండు పడ్డయి. "ఎక్కువ అంటె దేనికన్న ఎక్కువ?" అని ఒకడు, "నాలుగు పడాలెనేమో" అని ఇంకొకడు. పది నిమిషాలు కొట్లాడిండ్రు. చెప్పాలని నాలిక గుంజుతున్నది, చెప్పలె. కొన్నోళ్ల ఇంటికి నేను పోయి చెప్పను కద. ఇంటికొచ్చి ఆ వాక్యాన్ని "రెండు గాని అంతకన్న ఎక్కువ గాని తెల్లగ పడితే పని అయినట్టు, అష్ట పడితే మాత్రం కానట్టే" అని రాసిన. ఇట్ల మూడు ఇండ్లల్ల కూసుంటె పదకొండు వాక్యాలు మారినయి.

ఇగ టైపింగ్. నాదే చిన్న డీటీపీ సెంటర్, అయినా దెబ్బ తిన్నది ఇక్కడ్నే. పెండ్లి పత్రికలు, కరపత్రాలు మేము ఇప్పటికీ పేజ్‌మేకర్ల అను ఫాంట్లతోనే చేస్తం. ఫోన్ల టైపు చేసింది యూనికోడ్, అంటె ఫోన్లల్ల, వెబ్‌సైట్లల్ల నడిచే అక్షరాల పద్ధతి; అను ఫాంట్లది వేరే పద్ధతి. దాన్ని కన్వర్టర్ల పెట్టి అనులకు మార్చిన, స్క్రీన్ మీద ఒకసారి చూసి సరే అనుకున్న. వంద ప్రతులు అచ్చయి వచ్చినంక తెరిస్తె ప్రతి పేజీల "అష్ట" పోయి "అష" ఉన్నది. ఒత్తు ఎగిరిపోయింది. ఆటల ముఖ్యమైన మాటే అది! వారం రోజులు నల్లపెన్నుతోని ఒత్తులు పెట్టిన. మీరు మార్పిడి జోలికే పోకుండ్రి. ఇన్‌డిజైన్ అనే పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఉంటె దాంట్ల వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు ఎంచుకొని యూనికోడ్‌లనే పేజీలు కట్టుండ్రి, లేకుంటె అసుంటిదే స్క్రైబస్ ఉచితమే. లోపలికి మండలి, శీర్షికలకు రామభద్ర, రెండూ గూగుల్ ఫాంట్లల్ల పైసల్లేకుంట దొరుకుతయి. ఒక ప్రతి కాయితం మీద తీసి, ఇంకొకరితోని గట్టిగ చదివించుండ్రి.

వంద ప్రతులకు డిజిటల్ ప్రింటే మేలు. ఆఫ్‌సెట్ల ప్లేట్ల ఖర్చు ముందే పడ్తది, ఐదు వందలు వేస్తె గాని గిట్టదు. నాకు లోపలి పేజీలు 16 రూపాయలు, రంగు అట్ట 15, పిన్నులూ కోతా 4, మొత్తం 35 పడ్డది. వెల 120 పెట్టిన. దుకాణపాయనకు మూడోవంతు పోయినా 80 చేతికొస్తది. ముప్పై ఐదుకు రెట్టింపు డెబ్బై అని వెల కట్టుకుంటె దుకాణం ముందల ఏడ్వాల్సి వస్తది.

పీడీఎఫ్‌కు రెండు తొవ్వలు. ఊరోళ్లకు వాట్సాప్ల క్యూఆర్ పంపి, పైసలు పడంగనే ఫైలు పంపుత. పేపాల్ 2021 ఏప్రిల్ నుంచి మన దేశంల దేశంలోళ్ల మధ్య చెల్లింపులు ఆపేసింది కాబట్టి అది బయటోళ్లకే. అమెరికాల ఉన్న మనోళ్లకు ఆటలు అమ్ముకునే ఇచ్.ఐఓ సైటు మంచిది, సైటుకు ఎంత వాటా ఇయ్యాలెనో మనమే పెట్టుకోవచ్చు, మామూలుగ పది శాతం. పిల్లలకు తెలుగు అలవాటైతదని కొనే అమ్మలు నేననుకున్నకన్న ఎక్కువున్నరు. డ్రైవ్‌త్రూ ఆర్‌పీజీల ఈ ఆటల పుస్తకాలకు పెద్ద సంత ఉన్నది, కాని అక్కడ తెలుగు పుస్తకం వెతికేటోళ్లు ఎవరు? అచ్చు ఖర్చులకు జనం దగ్గర ముందే పైసలు పోగుచేసే కిక్‌స్టార్టర్ సైటు మీద ఆశ పెట్టుకోకుండ్రి, ఇండియాల ఉండి అక్కడ ప్రాజెక్టు మొదలుపెట్టనియ్యరు.

పుస్తకాన్ని గుర్తుపట్టే ఐఎస్‌బీఎన్ నంబర్‌కు పైసలు అడిగేటోళ్లను నమ్మకుండ్రి. రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఆన్‌లైన్ల ఉచితంగ ఇస్తది. అచ్చు పుస్తకానికొకటి, పీడీఎఫ్‌కు ఇంకొకటి. ఇంకో మాట చానమందికి తెల్వదు: 1954 చట్టం ప్రకారం పుస్తకం బయటికొచ్చిన 30 రోజులల్ల కలకత్తా నేషనల్ లైబ్రరీకి ఒక ప్రతి, చెన్నై, ముంబై, ఢిల్లీ లైబ్రరీలకు ఒక్కొక్కటి మన ఖర్చుతోనే పంపాలె. నేను పంపిన నాలుగింట్ల కూడ ఆ నల్లపెన్ను ఒత్తులే ఉన్నయి.