తెరకథ రాయడం నేర్చుకుందాం – 7వ పాఠం: గుట్టు ముందే విప్పేయడం

పోయిన పాఠంలో రాసిన పేజీ బయటికి తీయండి. అప్పుల్లో ఉన్న రైతు ఇంటి కథ. చివరి రెండు లైన్లలో ఏదో రహస్యం బయటపడేలా రాసి ఉంటే, ఈ పాఠం మీకోసమే.

రహస్యాన్ని చివరిదాకా దాచడం పెద్ద కష్టమేం కాదు. ముందే చెప్పేసి, ఆ తర్వాత కూడా ప్రేక్షకుడిని కుర్చీలోంచి లేవనివ్వకపోవడం కష్టం. దానికి 1986లో క్లోద్ బెర్రీ తీసిన ఫ్రెంచి సినిమా 'జాన్ ద ఫ్లోరెత్' చూడండి. మూలం మార్సెల్ పాన్యోల్ నవల.

దక్షిణ ఫ్రాన్స్‌లో ప్రొవాన్స్ కొండలు. ఊగోలిన్ అనే కుర్రాడికి కార్నేషన్ పూలు వేయాలని ఆశ. పూలకు నీళ్లు కావాలి, నీళ్లేమో పక్క పొలంలోని ఊటలో ఉన్నాయి. అతనూ, అతను 'పాపె' అని పిలిచే ముసలి సెజారూ కలిసి ఆ ఊట నోరు మూసి, సిమెంటు పోసి, పైన మట్టి కప్పేస్తారు. నీళ్లు లేకపోతే భూమి చవగ్గా వస్తుందని లెక్క. ఇదంతా మన కళ్లముందే జరుగుతుంది.

ఆ తర్వాత పట్నం నుంచి ఆ పొలానికి వారసుడు జాన్ వస్తాడు. పన్నులు వసూలు చేసే ఉద్యోగం చేసినవాడు, గూని మనిషి. వెంట భార్య, చిన్న కూతురు మనోన్. పుస్తకాలు చదివి, కుందేళ్లు ఇన్నాళ్లకు ఇన్నవుతాయని కాగితం మీద లెక్క కట్టినవాడు. మామూలుగా అయితే ఆ లెక్కలు చూసి నవ్వుకుంటాం. ఇక్కడ నవ్వు రాదు. గాడిద మీద దూరం నుంచి నీళ్లు మోసుకొస్తుంటే, ఇంటి దగ్గరే ఊట ఉందని అతనికి తప్ప మనందరికీ తెలుసు.

వాన సీను రెండుసార్లు చూడండి. నల్లమబ్బులు పడతాయి, ఉరుముతుంది, జాన్ పరుగెత్తుకుంటూ బయటికొస్తాడు. వాన కొండ అవతల కురుస్తుంది. తనది గూని బతుకు, అది చాలదా అని ఆకాశం మీద అరుస్తాడు. నిజానికి ఆ కోపం చేరాల్సింది దేవుడికి కాదు, పక్కింటికి. అది మనకు తెలుసు కాబట్టే ఆ డైలాగు గుచ్చుకుంటుంది. గుట్టు దాచి ఉంటే అదొక కరువు సీనుగా మిగిలిపోయేది.

ఇంకో కిటుకు: నిజం తెలిసినవాణ్ణి హీరోకి దూరంగా పెట్టకండి. ఊగోలిన్ వాళ్లింటికి వస్తూ పోతూ ఉంటాడు, మంచిగా మాట్లాడతాడు, కొంచెం జాలి కూడా పడతాడు. పూర్తి దుర్మార్గుడైతే ఇంత బాధ ఉండదు. ఆ పాత్ర వేసిన నటుడు దనియెల్ ఒతోయ్‌కి ఫ్రెంచి సినిమాలకిచ్చే 'సెజార్' అవార్డు వచ్చింది, ఊరికే రాలేదు. చివరికి బావి తవ్వడానికి జాన్ భూమి తాకట్టు పెట్టేది కూడా ఆ ముసలాయనకే!

ఇప్పుడు మీ పని. మీ పేజీలోని రహస్యాన్ని మొదటి పది లైన్లలోకి తెచ్చేయండి. మాటల్లో చెప్పించొద్దు, చేతులతో చేయించండి. తర్వాత అది తెలిసినవాడూ తెలియనివాడూ కలిసి భోంచేసే సీను ఒకటి రాయండి. అందులో ఆ ఊసు ఎవరూ ఎత్తకూడదు. నీళ్లు, ఉప్పు, వాన కబుర్లు చాలు.

రెండో భాగం 'మనోన్ దె సూర్స్' కూడా అదే ఏడు వచ్చింది. ఈసారి మననుంచి కూడా దాచిన సంగతి ఒకటుంది. అదేంటో చెప్పను. వచ్చే పాఠం దాని మీదే, చూసి రండి.