కిడ్నీ రోగుల్లో హిమోగ్లోబిన్ పడిపోతుంటే రక్తస్రావాన్ని కనిపెట్టడం ఎలా

దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఉన్నవారిలో రక్తహీనత మామూలే కాబట్టి, హిమోగ్లోబిన్ తగ్గినప్పుడల్లా ఇంట్లోవాళ్లు కిడ్నీల వల్లేనని సరిపెట్టుకుంటారు. ఎర్ర రక్తకణాల తయారీకి కావలసిన ఎరిత్రోపోయిటిన్‌ను పాడైన మూత్రపిండాలు చాలినంతగా ఇవ్వలేవన్నది నిజమే గాని, ఆ కారణంగా వచ్చే తగ్గుదల సాధారణంగా నెమ్మదిగా సాగుతుంది. నిన్నమొన్నటిదాకా విశాఖ బీచ్ రోడ్డు నుంచి పాండురంగాపురం డౌన్ అనే ఏటవాలు రోడ్డును ఆగకుండా ఎక్కిన మనిషి ఈ వారం మధ్యలో రెండుసార్లు నిలబడిపోతున్నా, ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు వేళకు పడుతున్నా హిమోగ్లోబిన్ దిగుతున్నా, జీర్ణాశయంలోనో పేగుల్లోనో రక్తం కారుతోందేమోనని అనుమానించాలి. ఒంట్లో నీరు చేరినా ఆయాసం వస్తుంది గనుక రక్తపరీక్ష తప్పదు.

ఇంట్లో చూడగలిగింది మలం. ఐరన్ మాత్రలు వాడేవారికి అది నల్లగా, ఒక్కోసారి ముదురు ఆకుపచ్చగా వస్తుంది. సాధారణంగా గట్టిగానే ఉంటుంది. కడుపులో రక్తం కారినప్పుడు మాత్రం తారులా నిగనిగలాడుతూ, నీళ్లు పోసినా పింగాణీకి అంటుకుపోతుంది, దుర్వాసన గదంతా నిలుస్తుంది. చెప్పడానికి సిగ్గుపడే విషయమే అయినా, ఫోన్‌లో ఒక ఫొటో తీసి డాక్టరుకు చూపించడం పది మాటలకన్నా మేలు. కొద్దికొద్దిగా కారే రక్తం కంటికి కనిపించదు. దానికి మలపరీక్ష, ఒంట్లో ఐరన్ ఎంతుందో చెప్పే ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ రక్తపరీక్షలు, అవసరమైతే గొట్టంతో లోపల చూసే ఎండోస్కోపీ ఉన్నాయి. ఉద్దానం వైపు నుంచి విశాఖ వచ్చి చూపించుకునేవారు పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టుకుని తెస్తే, హిమోగ్లోబిన్ ఎప్పటి నుంచి దిగుతోందో డాక్టరుకు వెంటనే తెలుస్తుంది.

యూరియా వంటి వ్యర్థాలు పేరుకుంటే, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్ల సంఖ్య సరిపడా ఉన్నా అవి సరిగా పనిచేయవు, అందుకే ఈ రోగుల్లో రక్తం తేలిగ్గా కారుతుంది. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కాబట్టి, నల్లటి విరేచనం అయిందన్న మాట మిషన్ ఎక్కకముందే సిస్టరుకు చెప్పాలి. కీళ్లనొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీల్లో మిగిలిన పనితీరునూ దెబ్బతీస్తాయి; వాటిని మానేయాలి. గుండె రక్తనాళంలో వేసిన స్టెంట్ కోసం వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రం సొంతంగా ఆపకూడదు.

రక్తపు వాంతి, తారులాంటి విరేచనం, కళ్లు తిరిగి పడిపోవడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. కిడ్నీ మార్పిడి కోసం ఎదురుచూస్తున్నవారైతే ఆ సంగతి రక్తం ఎక్కించేముందే చెప్పాలి, ఎందుకంటే ఎక్కించిన రక్తం వల్ల ఒంట్లో యాంటీబాడీలు పుట్టి రేపు సరిపోయే కిడ్నీ దొరకడం కష్టమవుతుంది. రక్తం పడుతుందని దానిమ్మ, బీట్‌రూట్ రసాలు పట్టించే బంధువులను సున్నితంగా ఆపండి. వాటిలోని పొటాషియం ఈ రోగులకు ప్రమాదకరం.