స్లీపింగ్ బ్యాగులో దూరినా వణుకుతున్నారా?

బెజవాడలో స్లీపింగ్ బ్యాగు కొనేవాళ్లకు ఉన్న చిక్కు ఒకటే: దాన్ని పరీక్షించే చలి ఊళ్లో దొరకదు. సంక్రాంతినాడు కొట్లో దూరి జిప్పు లాగినా రెండు నిమిషాల్లో చెమటలే. భలే వెచ్చగా ఉందనుకుని కొనేస్తాం. తీరా హిమాలయాల్లోని సందక్‌ఫూ (3,636 మీటర్లు) ఎక్కాక పళ్లు టకటకలాడతాయి.

సమస్య: మైనస్ 5 అని రాసుంది, సున్నా దగ్గరే వణుకు.
మీరు చూసింది ఏ అంకె? కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని మూడుంటాయి. ఎక్స్‌ట్రీమ్ అంటే ప్రాణం నిలిచే లెక్క, నిద్రపట్టే లెక్క కాదు. ఐఎస్ఓ 23537 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఇచ్చిన కంఫర్ట్ అంకె, అంటే హాయిగా నిద్రపట్టే లెక్క, అడగండి. అక్కడి రాత్రి చలికన్నా మరో ఐదు డిగ్రీలు తక్కువకు ఆగేది తీసుకోండి. 45 డిగ్రీల ఎండలో పెరిగిన ఒళ్లు మనది, ఆ ఐదూ దండగ కాదు.

సమస్య: పైన వెచ్చగా ఉంది, నడుం కింద మంచుగడ్డ.
దీనికి బరువైన బ్యాగు కొంటారు చాలామంది. డబ్బు దండగ, భుజాలకు శిక్ష. మీ బరువుకి కింది భాగం అణిగిపోతుంది, గాలి నిలవదు, వేడి నేలలోకి పోతుంది. మార్చాల్సింది బ్యాగు కింద పరిచే మ్యాట్. మంచు మీదైతే దాని ఆర్-వాల్యూ (వేడిని నేలలోకి పోనివ్వకుండా ఆపే శక్తికి కొలత) 4కు తగ్గకూడదు.

సమస్య: మొదటి ఏడాది బాగుంది, ఇప్పుడు పలచబడింది.
నా మొదటి బ్యాగును నేనే ఇలా చంపుకున్నాను. చిన్న సంచిలో కుక్కి రెండేళ్లు అటకెక్కించాను. లోపలుండేది డౌన్, అంటే బాతుల మెత్తటి నూగు. అది పొంగి గాలిని పట్టుకుంటేనే వెచ్చదనం. నలిగి, చెమట జిడ్డూ కృష్ణ ఒడ్డు తేమా పట్టిందంటే పాత బూరుగుదూది దిండులా ఉండలు కడుతుంది. డౌన్ కోసం అమ్మే సబ్బుతోనే ఉతకండి, మామూలు సర్ఫు వద్దు. డ్రయ్యర్ ఉంటే తక్కువ వేడిమీద రెండు మూడు టెన్నిస్ బంతులు వేసి తిప్పండి. లేకపోతే నీడలో, ఫ్యాను కింద, ఉండలు చేత్తో విడదీస్తూ రోజుల తరబడి ఆరబెట్టడమే. మే నెల ఎండలో డాబామీద మాత్రం పడేయకండి, నైలాన్ చివికిపోతుంది. ఆరాక పాత దుప్పటి గలీబులో వదులుగా ఉంచండి.

సమస్య: వెచ్చనిదే, కానీ మోయలేకపోతున్నాను.
ఫిల్ పవర్ చూడండి. 800 అంటే ఒక ఔన్సు డౌన్ 800 ఘనపుటంగుళాలు పొంగుతుందని. 550 రకంతో అంతే వెచ్చదనం కావాలంటే ఎక్కువ కూరాలి, బరువూ పెరుగుతుంది. వానల్లో నడకైతే సింథటిక్ (డౌన్ బదులు కృత్రిమ పీచు కూరినది) మేలు. తడిసిన డౌన్ ముద్దైపోతుంది.