స్వయంగా గిటార్ – 7వ పాఠం: పాటకు గిటార్‌తో జవాబు

పోయిన పాఠంలో ఇ, ఎ, బి7 కార్డులతో (కార్డు అంటే కలిపి మోగించే స్వరాల గుంపు) పన్నెండు బార్ల (బార్ అంటే ఒక తాళ ఆవర్తం) బ్లూస్ వాయించాం. బ్లూస్ అంటే అమెరికా నల్లజాతి వాళ్ల పాట శైలి. కార్డులు మార్చేటప్పుడు ఇంకా టెన్షన్ పడుతుంటే ఇంకో వారం దాని మీదే ఉండండి, తొందరేం లేదు.

ఇవాళ మనకు గురువు సిస్టర్ రోసెటా థార్ప్. 1915లో అమెరికాలోని ఆర్కన్సాలో, కాటన్ ప్లాంట్ అనే ఊళ్లో పుట్టిన నల్లజాతి కళాకారిణి. తల్లి చర్చిలో సువార్త చెబుతూ మాండొలిన్ వాయించేవారు. ఆ ఆరాధనల్లోనే పెరిగిన రోసెటా 1938లో డెక్కా కంపెనీకి రికార్డులు ఇచ్చారు. భక్తి పాటలకు బ్లూస్ గిటార్ జోడించి, రాక్ అండ్ రోల్‌కు దారి వేసింది ఆవిడే. అయినా రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చింది 2018లో, ఆవిడ పోయిన 45 ఏళ్లకు. ఇది అన్యాయమే.

1964లో మాంచెస్టర్‌లో మూతపడ్డ ఒక రైల్వే స్టేషన్‌లో ఆవిడ పాడిన వీడియో వెతికి చూడండి. వాన రోజు, భుజాన తెల్ల గిబ్సన్ గిటార్. పాట లైను అయిపోగానే ఆ ఖాళీలో గిటార్ ఎలా అందుకుంటుందో గమనించండి. చర్చిలో బోధకుడు ఒక మాట అంటే జనం తిరిగి పలికే పద్ధతే అది.

ఇప్పుడు మన వంతు. మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) నిమిషానికి 80 దెబ్బలకు పెట్టండి. 1-2, 5-6, 9-10 బార్లలో ఏదైనా ఒక లైను పాడండి. 3-4, 7-8, 11-12 బార్లు గిటార్‌వి. ఆ మూడు చోట్లా కార్డు ఇ యే కాబట్టి ఒకే జవాబు అన్నిటికీ సరిపోతుంది: ఒకటో తీగ (అన్నిటికన్నా సన్నది) మూడో ఫ్రెట్ (గిటార్ మెడ మీది మెట్టు), అదే తీగ ఓపెన్ (ఎక్కడా నొక్కకుండా), రెండో తీగ మూడో ఫ్రెట్, అదే ఓపెన్, చివర నాలుగో తీగ రెండో ఫ్రెట్.

మొదటి స్వరాన్ని తీగ కొంచెం లాగి పలికించండి. ఇ ని షడ్జమంగా తీసుకుంటే అది సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ నిలవాలి. బ్లూస్ రుచి అంతా అక్కడే ఉంది. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లు ఈ స్వరాల్లో శుద్ధ ధన్యాసి రాగం ఛాయను పోల్చుకుంటారు. కానీ ఆ గమకాలు ఇక్కడికి తేకండి, నడక వేరు.

పాడేటప్పుడు గిటార్ వాయించకండి, కాలితో తాళం మాత్రం ఆపకండి. చాలామంది ఖాళీ కనిపిస్తే భయపడి స్వరాలు కుమ్మరిస్తారు. ఐదు చాలు.

వచ్చే పాఠంలో తీగల్ని ఓపెన్ డి ట్యూనింగ్‌కు (ఏమీ నొక్కకుండా మీటితేనే డి కార్డు పలికే శ్రుతికి) దించి ఇదే జవాబు వాయిద్దాం.