పాత కారుకు ఇండికేటర్లు: ఒక్క చిల్లు కూడా పొడవకుండా

విశాఖ సిరిపురం జంక్షన్లో కుడిచెయ్యి కిటికీలోంచి బయటికి చాపి మలుపు తీసుకుంటుంటే, వెనక బైకు మీదున్న కుర్రాడు నేనేదో పలకరిస్తున్నాననుకుని తనూ చెయ్యి ఊపాడు. మా 1951 మోరిస్ మైనర్‌కి ఇండికేటర్లు పెట్టాల్సిందేనని ఆ రోజే తేలిపోయింది.

ఆ బండికి సైగలు అసలే లేవని కాదు. తలుపుల వెనక స్తంభాల్లో చెరోపక్కా ఒక చిన్న రేకుచెయ్యి దాక్కుని ఉంటుంది. స్విచ్ వేస్తే సోలినాయిడ్ (కరెంటు వస్తే అయస్కాంతంలా లాగే తీగచుట్ట) లాగి దాన్ని పైకి లేపుతుంది, లోపల బుల్లి బల్బు వెలుగుతుంది. ట్రాఫికేటర్ అంటారు. మోరిస్ మైనర్‌లో 1961లో వీటిని తీసేసి మెరిసే దీపాలు పెట్టారు. ఇప్పటి ఆటోవాళ్లకి ఆ చెయ్యి కనబడినా పక్కన ఏదో ఊడి వేలాడుతోందనే అనుకుంటారు.

ఇక్కడ చెప్పేది మా మైనర్‌కి చేసిన పనే అయినా ల్యాండ్‌మాస్టర్, ఆస్టిన్, పాత ఫియట్, జీపు దేనికైనా పనికొస్తుంది. నేను పెట్టుకున్న షరతు ఒక్కటే: రేపు ఎవరైనా మొత్తం విప్పేస్తే బండి కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండాలి. ఇది నా చాదస్తం మాత్రమే కాదు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండికి వింటేజ్ బండ్లకిచ్చే వీఏ నంబరు కావాలంటే అది అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు చెయ్యకూడదు. బోల్టుతో బిగించి, బోల్టు విప్పి తీసేసే దీపంతో ఆ గొడవ ఉండదు. ఇక ఇండికేటర్ ఎలా ఉండాలో మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి: నారింజ రంగు, నిమిషానికి 60 నుంచి 120 సార్లు మెరవాలి.

మొదట బ్యాటరీ చూడండి

సామాను కొనకముందే రెండు సంగతులు తెలియాలి. బ్యాటరీ మీద మూతలు మూడుంటే ఆరు వోల్టులు, ఆరుంటే పన్నెండు. తర్వాత, లావుపాటి ఎర్త్ పట్టీ ఏ ధ్రువం నుంచి బాడీకి వెళుతోందో చూడండి. ఆ కాలపు ఇంగ్లీషు కార్లలో చాలావాటికి పాజిటివ్ ఎర్త్, అంటే ప్లస్ ధ్రువం బాడీకి కలిసి ఉంటుంది. మన అలవాటుకి పూర్తిగా తిరగబడి ఉంటుంది. గాజువాక ఆటోనగర్‌లో నేను వైరింగ్ నేర్చుకున్న పెద్దాయన ఎప్పుడూ ఒకటే మాట అనేవాడు: "బాబూ, ఎర్తేటో సూసుకోకుండా వైరు ముట్టుకోకు."

మామూలు బల్బుకి ధ్రువంతో పని లేదు. దీపాన్ని ఆర్పుతూ వెలిగిస్తూ మెరిపించే డబ్బీయే ఫ్లాషర్. వేడికి వంగే లోహపు పట్టీతో నడిచే పాతరకం రెండు పిన్నుల ఫ్లాషర్‌కీ లేదు. ఎల్‌ఈడీలకీ ఎలక్ట్రానిక్ ఫ్లాషర్లకీ మాత్రం ఉంది. పాజిటివ్ ఎర్త్ బండిలో ఎర్త్ వైరున్న మూడు పిన్నుల ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ పెట్టకండి. రెండు పిన్నుల ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ దొరికితే దాని రెండు వైర్లనూ తారుమారు చెయ్యండి: బి పిన్ను దీపాల వైపు, ఎల్ పిన్ను బ్యాటరీ వైపు. వీటికోసం బండి ఎర్తే మార్పించేస్తామనే మెకానిక్‌లు ఉంటారు. దాంతో బ్యాటరీని చార్జ్ చేసే డైనమోను మళ్లీ పోలరైజ్ చెయ్యాలి (దాని ప్లస్, మైనస్‌లు తిప్పాలి), కాయిల్ వైర్లు, యాంమీటర్ వైర్లు తిప్పాలి. నాలుగు దీపాల కోసం అంత అవసరం లేదు.

దీపాలు, బ్రాకెట్లు

బుల్లెట్‌కి పెట్టే గుండ్రటి ఇండికేటర్లు ఈ కార్లకి భలే నప్పుతాయి, ఎక్కడైనా దొరుకుతాయి. కాకపోతే వాటిలో పది వాట్ల బల్బులు ఉంటాయి, మన ఎండలో మధ్యాహ్నం పన్నెండింటికి బీచ్ రోడ్డు మీద అవి వెలిగినా వెలగనట్టే ఉంటాయి. ట్రాక్టర్ల సామాను అమ్మే కొట్లో ఇరవై ఒక్క వాట్ల బల్బు పట్టే నారింజ దీపాలు అడగండి. నాలుగూ ఒకే వాటేజీలో తీసుకోండి. ఫ్లాషర్ మీద రాసి ఉన్న వాట్లకి, ఒక పక్కనున్న రెండు బల్బుల మొత్తం సరిపోవాలి. లోడు తగ్గితే పట్టీ ఫ్లాషర్ లయ తప్పుతుంది.

మూడు మిల్లీమీటర్ల ఇనుప పట్టీని ఎల్ ఆకారంలో వంచి, రంగు వేయించి, ముందు బంపర్ బోల్టు కిందే బిగించాను. వెనక నంబరు ప్లేటు బోల్టులు సరిపోయాయి. ముందు దీపం హెడ్‌లైట్‌కి మరీ దగ్గరగా ఉండకూడదు, రాత్రి ఆ వెలుగులో ఇది కలిసిపోతుంది. వీలైనంత అంచుకి జరపండి.

వైరింగ్

బ్యాటరీ విప్పేటప్పుడు మొదట ఎర్త్ వైపే విప్పాలి. మైనర్‌లో అది ప్లస్ అని మర్చిపోకండి.

కరెంటు వెళ్లే దారి ఇది. తాళం తిప్పితేనే కరెంటు వచ్చే చోటు నుంచి మొదలుపెట్టాలి. లూకాస్ కంపెనీ ఫ్యూజు పెట్టెలో అది ఏ4 అని రాసి ఉన్న టెర్మినల్, ఆకుపచ్చ వైర్లన్నీ అక్కడే ఉంటాయి. అక్కడి నుంచి విడిగా పది ఆంపియర్ల ఫ్యూజు, ఫ్యూజు నుంచి ఫ్లాషర్, ఫ్లాషర్ నుంచి స్విచ్ మధ్య టెర్మినల్. స్విచ్ నుంచి ఒక వైరు ఎడమ దీపాలు రెండింటికీ, ఒకటి కుడి దీపాలు రెండింటికీ. దీపాల నుంచి ఎర్త్‌కి.

పన్నెండు వోల్టుల బండిలో ఇరవై ఒక్క వాట్ల దీపాలు రెండూ కలిసి మూడున్నర ఆంపియర్లు లాగుతాయి, ఒక చదరపు మిల్లీమీటరు వైరు చాలు. ఆరు వోల్టుల బండిలో అదే దీపాలకి ఏడు ఆంపియర్లు. అక్కడ రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు, పదిహేను ఆంపియర్ల ఫ్యూజు వాడండి. ఇంగ్లీషు కార్లలో ఎడమకి ఆకుపచ్చ మీద ఎర్ర గీత, కుడికి ఆకుపచ్చ మీద తెల్ల గీత. అవి దొరక్కపోతే ప్రతి వైరుకీ చీటీ కట్టండి. పదేళ్ల తర్వాత బానెట్ ఎత్తేవాడు మిమ్మల్ని తిట్టుకోడు.

స్విచ్ దగ్గర కొంచెం తెలివి చూపించవచ్చు. ట్రాఫికేటర్లు పనిచేస్తున్న బండి అయితే వాటిని వదులుకోకండి. అలాగని ఫ్లాషర్ కరెంటు వాటికి కలిపితే చెయ్యి టపటపా కొట్టుకుంటుంది. ఆరు టెర్మినళ్లు ఉండి, మధ్యలో ఆఫ్ ఉన్న టాగిల్ స్విచ్ తెచ్చుకోండి. అందులో రెండు స్విచ్‌లు పక్కపక్కనే ఉన్నట్టు లెక్క. ఒక వరసకి ఫ్లాషర్ నుంచి వచ్చిన వైరు, రెండో వరసకి ఫ్యూజు నుంచి నేరుగా వచ్చిన వైరు. మీట ఒకసారి వేస్తే దీపాలు మెరుస్తాయి, చెయ్యి కదలకుండా లేచి నిలబడుతుంది. టాగిల్‌లో మీట ఏ పక్కకి వాల్చితే దానికి ఎదుటి పక్క టెర్మినల్ కలుస్తుంది. నేను ఇది మర్చిపోయి ఎడమకీ కుడికీ ఒకసారి తిప్పి కలిపేశాను. స్విచ్‌ని డ్యాష్‌బోర్డు కింద, ఉన్న స్క్రూకే చిన్న పట్టీతో వేలాడదీయండి. డ్యాష్‌కి చిల్లు వద్దు.

డ్యాష్ మీద గుర్తు దీపం ఒక్కటే పెట్టి రెండు పక్కలకీ పనిచేయించే పాత చిట్కా ఒకటుంది. రెండు వాట్ల చిన్న బల్బును ఎర్త్ చెయ్యకుండా, దాని ఒక వైరు ఎడమ లైనుకీ రెండోది కుడి లైనుకీ కలపాలి. ఎడమ మెరిసేటప్పుడు ఈ బల్బు కరెంటు కుడి దీపాల ఫిలమెంటు గుండా ఎర్త్‌కి పోతుంది. ఆ కాస్త కరెంటుకి కుడి దీపాలు వెలగవు, చిన్నది మాత్రం వెలుగుతుంది. హోల్డర్ బాడీకి తగలకూడదు, రెండు వైర్లున్న హోల్డరే తీసుకోండి. పెద్ద దీపాలకి ఎల్‌ఈడీలు పెడితే ఈ చిట్కా నమ్మదగింది కాదు.

ఉప్పుగాలి, ఎర్త్

విశాఖలో ఈ పనిలో సగం ఇదే. మొదటిసారి నేను ఒక కొట్లో చేయించాను. అతను వైర్లు మెలేసి, నల్ల టేపు చుట్టి, ఎర్త్‌ని బ్రాకెట్‌కే వదిలేశాడు. ఒక్క వానాకాలం గడిచాక టేపు విప్పితే రాగి తీగ పచ్చటి పొడిగా రాలింది. బ్రాకెట్‌కీ బంపర్‌కీ మధ్య తుప్పు పొర కట్టింది. ఎడమ ఇండికేటర్ వేస్తే టెయిల్ లైటు కూడా లయగా కన్ను కొట్టేది, ఎందుకంటే ఎర్త్ దొరకని కరెంటు దారి వెతుక్కుంటూ పక్క బల్బులోకి దూరుతోంది.

అందుకని బాడీ మీద ఆధారపడకుండా ప్రతి దీపం నుంచీ ఒక నల్ల వైరు విడిగా లాగండి. ముందువి రెండూ ఒక బోల్టు దగ్గర, వెనకవి రెండూ ఇంకో బోల్టు దగ్గర కలపండి. అక్కడ రంగు, తుప్పు పోయి లోహం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, పళ్ల వాషర్ వేసి, గట్టిగా బిగించి, పైన వాజలైన్ దట్టంగా పూయండి. అతుకులన్నీ సోల్డర్ చేసి, వేడి చేస్తే ముడుచుకునే గొట్టం తొడగండి. రేకు గుండా వైరు పోయే ప్రతి చోటా వైరు ఒరుసుకోకుండా రబ్బరు గ్రోమెట్ (రింగు) ఉండాలి. కొత్త చిల్లు అక్కర్లేదు, ఉన్నవాటిలోంచే దారి దొరుకుతుంది. దీపం అద్దం కింద నీరు కారే సన్న రంధ్రం ఉండాలి, అది ఎప్పుడూ కిందికే చూడాలి.

పరీక్ష

ఫ్లాషర్ వైర్లు రెండూ ఊడదీసి ఒకదానికొకటి కలపండి, దీపం మెరవకుండా నిలకడగా వెలుగుతుంది. ఇప్పుడు మల్టీమీటర్ ఒక ముల్లు దీపం హోల్డర్ లోహానికి, రెండోది బ్యాటరీ ఎర్త్ ధ్రువానికి ఆనించండి. 0.2 వోల్టులు దాటితే ఎర్త్ మళ్లీ రుద్దాల్సిందే. నాలుగు దీపాలకీ ఇలా చూసి, ఫ్లాషర్ తిరిగి తగిలించి, అర నిమిషంలో ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టండి. 30 నుంచి 60 మధ్య ఉండాలి. ఒక పక్క మాత్రమే లయ మారితే ఆ పక్క బల్బు పోయింది, లేదా వాటేజీ తేడా. రెండు పక్కలా వెలిగి మెరవకపోతే ఫ్లాషర్ చూడండి.

రాత్రి మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు హెడ్‌లైట్లు వేసి ఉంటే ఇండికేటర్ కాస్త నీరసంగా మెరుస్తుంది. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉంటే డైనమో చార్జింగ్ ఇవ్వదు, భారమంతా బ్యాటరీ మీదే. బండి కదిలాక సర్దుకుంటే కంగారు పడనక్కర్లేదు.

మలుపు అయ్యాక ఈ స్విచ్ దానంతటది ఆఫ్ అవ్వదు. ఫ్లాషర్ టిక్కుటిక్కు ఇంజన్ మోతలో వినబడదు. హనుమంతవాక దగ్గర వేసిన ఎడమ ఇండికేటర్‌తో రుషికొండ దాకా వెళ్లాను. కారు దిగాక మా ఆవిడ "ఎడమ పక్క ఏముందండీ, అంతసేపు చూపించారు?" అంది. మర్నాడే చిన్న బజర్ ఒకటి కొని గుర్తు దీపం పక్కన పెట్టాను. బజర్‌కి ధ్రువాలు ఉంటాయి కాబట్టి ఆ బల్బు వైర్లకే తగిలిస్తే ఒక పక్కకే మోగుతుంది. అందుకే స్విచ్‌లో ట్రాఫికేటర్ల వరస నుంచి పక్కకొక డయోడ్ (కరెంటును ఒకే దిశలో పోనిచ్చేది) వేసి కరెంటు ఇచ్చాను. పాజిటివ్ ఎర్త్ బండి కాబట్టి డయోడ్ గీత స్విచ్ వైపు, బజర్ ఎర్ర వైరు బాడీకి.