కోవిడ్ కేసులు పెరగకముందే ఇంట్లో పెద్దవాళ్ళతో మాట్లాడి పెట్టుకోవాల్సినవి

కోవిడ్ కేసులు మళ్ళీ పెరుగుతున్నాయని వార్త రాగానే బెంగళూరులో మన తెలుగు ఇళ్ళల్లో కొడుకూ కోడలూ వాళ్ళలో వాళ్ళే అనేసుకుని "నాన్నా, రేపట్నుంచి మీరిద్దరూ ఆ గదిలోనే ఉండండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి" అని చెప్పేస్తారు. దయచేసి అలా చేయకండి. అనంతపురంలోనో నెల్లూరులోనో ఇంటికి తాళం వేసి, మన పిల్లల్ని చూసుకోవడానికే వచ్చినవాళ్ళు వాళ్ళు. ఇక్కడ ఉంటారా, ఊరెళ్తారా అని వాళ్ళనే అడగండి, అదీ కేసులు తక్కువగా ఉన్నప్పుడే. 2020 మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటించాక ఎక్కడివాళ్ళు అక్కడే ఉండిపోవాల్సి వచ్చింది కదా. ఊరెళ్తామంటే అక్కడ బీపీ, షుగర్ చూసే డాక్టరు ఎవరు, రాత్రిపూట తోడు ఎవరు ఉంటారు అనేది కూడా తేల్చుకోండి.

ఇక్కడే ఉంటామంటే, ఇంట్లో ఎవరికి జలుబు, జ్వరం మొదలైనా అటాచ్డ్ బాత్రూమ్ ఉన్న గదిలోకి వాళ్ళు వెళ్ళాలి, పెద్దవాళ్ళు కాదు. ఇది గాలిలో వ్యాపించే జబ్బు, కాబట్టి కూరగాయలు కడగడం మీద పెట్టే శ్రద్ధ కిటికీల మీద పెట్టండి. దోమల భయంతో సాయంత్రం అన్నీ మూసేస్తుంటే ఇప్పుడే మెష్ వేయించండి. ఎన్95 మాస్కులు నాలుగు ఎక్కువే తెచ్చిపెట్టుకోండి.

పిల్లలే బడి నుంచి అంటించుకొస్తారని అందరం అంటాం గానీ ఆఫీసు, మెట్రో, పెళ్ళిళ్ళు అంటూ తిరిగేది మనం. ముందు తగ్గించుకోవాల్సింది మన తిరుగుడే.

ఇంకో మాట, నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది. "నువ్వు దగ్గరికెళ్తే తాతయ్యకు ఏమైనా అవుతుంది" అని పిల్లలతో ఒక్కసారి కూడా అనకండి. రేపు ఆయనకు నిజంగా జబ్బు చేస్తే ఆరేళ్ళ పిల్ల అది తనవల్లే అనుకుంటుంది, పైకి చెప్పదు కూడా. "తాతయ్యను అందరం కలిసి చూసుకుంటున్నాం, మాస్క్ పెట్టుకోవడం నీ వంతు" అనండి, అర్థం చేసుకుంటారు. దూరంగా ఉండాల్సిన రోజుల్లో కూడా సాయంత్రం మేడ మీదో బాల్కనీలోనో, మాస్కులతో, కాస్త ఎడంగా కూర్చుని కథ చెప్పుకోవచ్చు. ఇక్కడి బడుల్లో కన్నడ, ఇంగ్లీషు నేర్పుతారు గానీ చాలామంది పిల్లలకు తెలుగు అక్షరాలు వచ్చేది నానమ్మ దగ్గరే, ఆ పాఠం ఆపకండి, గది మారితే వీడియో కాల్‌లో సాగనివ్వండి. టైము మాత్రం ఒకటి ఖాయం చేయండి, లేకపోతే ఆమె ఫోను చేతిలో పట్టుకుని ఎదురుచూస్తూ కూర్చుంటుంది. కాల్ చేయడం ఆమెకే నేర్పితే ఇంకా మంచిది.

టీకాల సంగతి డాక్టరును ముందే అడగండి, ఏటా వేసుకునే ఫ్లూ టీకా, న్యుమోనియా టీకాతో సహా. వేసుకున్నాక రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది.

పెద్దవాళ్ళలో జ్వరం రాకుండానే జబ్బు ముదరొచ్చు. అన్నం సహించకపోవడం, తూలిపోవడం, ఉన్నట్టుండి తికమకగా మాట్లాడటం కనిపిస్తే వయసు మీద పడిందిలే అని వదిలేయకండి. వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే ఆక్సీమీటర్ కొని, బాగున్నప్పుడు ఎంత చూపిస్తుందో రాసిపెట్టుకోండి. వేలు చల్లగా ఉన్నా, గోళ్ళరంగు ఉన్నా లెక్క తప్పుతుంది. 94 కంటే తగ్గితే వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. పక్కింటివాళ్ళు వాడారని స్టెరాయిడ్లు మాత్రం మొదలుపెట్టకండి. 2021లో షుగర్ ఉన్నవాళ్ళను బ్లాక్ ఫంగస్ అంతగా పట్టుకోవడానికి ఇలాంటి వాడకం ఒక కారణం.

ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తే ఎక్కడికి, మాట్లాడలేని స్థితి వస్తే తరఫున ఎవరు నిర్ణయించాలి అని కూడా వాళ్ళనే అడగండి. అడగడం కష్టమే, కానీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఐసీయూ బయట నిలబడి వాదించుకోవడం ఇంకా కష్టం. ఒక సంచీ సర్ది పెట్టండి: నెలకు సరిపడా మందులు, ఆధార్, ఇన్సూరెన్స్ కాగితాలు, పేరు రాసిన కళ్ళజోడు డబ్బా, కట్టుడు పళ్ళ డబ్బా, ఫోను చార్జరు. వార్డులోకి మనల్ని రానివ్వకపోవచ్చు, నర్సుకు తెలుగు రాకపోవచ్చు. అందుకని పేరు, వయసు, జబ్బులు, పడని మందులు, ఇద్దరి ఫోన్ నంబర్లు, 'తెలుగు మాత్రమే వచ్చు' అన్న మాట ఇంగ్లీషులో, కన్నడలో రాయించి సంచీ పైజేబులో పెట్టండి. అంబులెన్సు 108, పెద్దవాళ్ళ సహాయానికి ఎల్డర్‌లైన్ 14567. ఈ రెండూ వాళ్ళ ఫోన్‌లోనే సేవ్ చేసి, ఎలా నొక్కాలో చూపించండి.