కాలి ఎముక నొప్పెడుతుంటే ముందు వేలితో నొక్కి చూడండి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు నుంచి విశాఖలో హాఫ్ మారథాన్‌కి తయారవుతున్న మనవాళ్లకి ఒక మాట. 21 కిలోమీటర్ల కోసం దూరం ఒక్కసారిగా పెంచితే మోకాలి కింద, ఎముక లోపలి అంచు వెంబడి నొప్పి పుట్టడం మామూలే. అక్కడ వేలితో మెల్లగా నొక్కుతూ కిందికి రండి.

నొప్పి జానెడు మేర పరుచుకుని ఉంటే చాలాసార్లు అది షిన్ స్ప్లింట్స్, అంటే పరుగు ఒత్తిడికి ఎముక అంచు వెంబడి పుట్టే నొప్పి. పరుగు తగ్గించి కొన్నాళ్లు సైకిల్ తొక్కండి, దమ్ము ఎక్కడికీ పోదు. అలా కాకుండా వేలికొన పట్టేంత చోటే చురుక్కుమంటుంటే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే, పరుగు పూర్తిగా ఆపి ఎముకల డాక్టరుకి చూపించండి. ఎముకలో సన్నటి పగులు కావచ్చు. మొదటి రెండు మూడు వారాలు అది ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. అందుకే ఎక్స్‌రే బాగుందన్నా నొప్పి తగ్గకపోతే ఎమ్మారై స్కాన్ అవసరమా అని డాక్టరుని అడగండి. నొప్పి మాత్ర వేసుకుని మాత్రం పరుగెత్తకండి, దయచేసి. నొప్పి తెలియదు, పగులు పెద్దదవుతుంది.

తిరిగి మొదలుపెట్టేటప్పుడు మట్టి మైదానంలో కాస్త పరుగు, కాస్త నడక. మనవైపు ఘాట్ రోడ్లెక్కువ కదా, కొన్ని వారాలు దిగుడులో నడిచే దిగండి.